తాత గోడ, కొత్త గోడ: ఒక ఎడిసింగ్ డైరీ

ఆగస్టు 10

నాన్న ఫోన్ చేసి, "కొత్తింటికి స్లాబు పడింది. వానలు తగ్గాక మట్టిల్లు తీసేస్తాం. నీ సామాను ఏదైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లు" అన్నాడు.

ఆ ఇంట్లో నా సామానంటూ ఏమీ లేదు. పదో తరగతి పుస్తకాలను ఎలకలు ఎప్పుడో తినేశాయి. ఉన్నదల్లా పొయ్యి పక్క గోడ మీద తాత వేసిన ఎడిసింగ్ ఒక్కటే.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మేం సవర ఆదివాసులం. ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, ఆరాక బియ్యప్పిండి నీళ్లలో వెదురు పుల్ల ముంచి వేసే బొమ్మ ఎడిసింగ్. మా భాషలో 'సింగ్' అంటే ఇల్లు. ఒడిశా వైపు సవరలు దీన్నే ఇడితాల్ అంటారు. గోడ అందంగా కనిపించాలని వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట ఇంటికొచ్చే ముందో, చనిపోయిన పెద్దలు కలలో కనిపించి అడిగినప్పుడో వాళ్లకు కట్టిచ్చే ఇల్లది.

మాది సీతంపేట మన్యం. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా మారింది గానీ, విశాఖ నుంచి వచ్చేవాడు పాలకొండలో బండి మారక తప్పడం లేదు.

నా ప్లాన్ సింపుల్. తాత బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీదికి ఎత్తాలి. కొత్తింటి గోడ మీద అచ్చు గుద్దినట్టు దింపాలి. గడువు కందికొత్తల పండగ, అంటే జనవరి చివరివారం. అయిదు నెలలుంది. ఇంత చిన్న పనికి ఎక్కువే అనుకున్నాను.

ఆగస్టు 17

ప్లాన్ మొదటిరోజే పోయింది.

టార్చి పట్టి గోడ దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ల పొగకు ఎర్రమట్టి కాఫీ రంగుకు తిరిగింది, పిండి గీతలు పాత పళ్ల రంగులోకి వచ్చాయి. సుమారు నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. చుట్టూ మూడు వరసల అంచు: లోపలా బయటా నిట్టగీతలు, మధ్యలో అడ్డగీతలు దువ్వెన పళ్లలా. లోపల అయిదు అంతస్తులు. పైన సూర్యుడు, చంద్రుడు. వాటి కింద గుర్రం మీద ఒక మనిషి, అతని తల మీద గొడుగు పట్టి వెనక నడిచే మరొకడు. తర్వాత ఏనుగు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడేవాళ్లు పద్నాలుగు మంది (లెక్కపెట్టాను). జీలుగు చెట్టు, చెట్టు ఎక్కుతున్న మనిషి, అతని నడుముకు కుండ. కింద ఒక మూల సైకిలు. సైకిలు చూసి చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి, పెద్దల బొమ్మలో ఇదేంటని. నిజానికి సవర బొమ్మల్లో సైకిళ్లే కాదు, రైళ్లూ విమానాలూ కూడా ఉంటాయి. ఊరికి ఏది కొత్తగా వస్తే అది గోడెక్కుతుంది.

ట్రేసింగ్ పేపర్ అంటించబోతుంటే చిన్నతాత వచ్చాడు. తాతకు తమ్ముడు. ఇప్పుడు మా గూడలో ఈ బొమ్మ సంగతి తెలిసిన చివరి మనిషి. చూపు తగ్గింది, గోడను చేత్తో తడిమి చూస్తాడు. ఆయన సవరలో అన్నది తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"అది మా నాన్నకి మీ తాత కట్టిన ఇల్లు. దాన్ని ఎత్తుకెళ్లి ఎవరికి ఇస్తావు?"

"ఎవరికీ ఇవ్వను తాతా. గుర్తుగా ఉంటుందని..."

"మా నాన్న ఇంట్లో మీ తాతని కూర్చోబెడతావా? మరి ఆయనకి ఇల్లేదీ?"

నా దగ్గర జవాబు లేదు. తాత పోయి నాలుగేళ్లయింది. ఆయనకు ఎవరూ ఎడిసింగ్ వేయలేదు. ఊరందరి పెద్దలకూ ఇళ్లు కట్టినవాడికి ఇల్లు లేదు.

పేపర్ చుట్టేశాను. ఫొటోలు తీసుకోమన్నాడు. "చూసి నేర్చుకో, చూసి దించకు."

ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవం. ఆఫీసు గ్రూపు నిండా గిడుగు రామమూర్తి ఫొటోలే. వ్యావహారిక భాష కోసం పోరాడాడని అందరూ రాశారు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నాడని, మా పిల్లలకు మా భాషలోనే చదువు చెప్పించాలని తాపత్రయపడ్డాడని ఒక్కరూ రాయలేదు. 1931లో మా భాష మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వచ్చింది. ఒడిశా వైపు 1936లో మంగేయి గొమాంగో మా భాషకు సొంత లిపే తయారుచేశాడు. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మా వైపు మాత్రం రాస్తే గీస్తే తెలుగు అక్షరాల్లోనే.

నేను గ్రూపులో రెండు లైన్లు పెట్టాను. ముగ్గురు బొటనవేలు చూపించారు. పని మీదికి వద్దాం.

సెప్టెంబరు 14

గదిలో ప్రాక్టీసు. అట్టపెట్టెలు విప్పి, జాజు కొట్టి, తెల్ల పోస్టర్ కలర్‌తో గీస్తున్నాను. వెదురు పుల్లలు ఊరి నుంచే తెచ్చాను. పెన్సిలంత పుల్ల చివర రాయి మీద పెట్టి నలగ్గొడితే పీచు తేలుతుంది, అదే కుంచె. మరీ నలగ్గొడితే చీపురవుతుంది. నాలుగు పాడయ్యాక చెయ్యి కుదిరింది.

మనుషుల బొమ్మలకు యూట్యూబ్ చూశాను. రెండు త్రిభుజాలు మొనకు మొన ఆనించి, తల చుక్క పెట్టి, కాళ్లూ చేతులూ లాగేయడం. గంటలో ముప్పై మందిని దించాను. నాకే ముచ్చటేసింది.

సెప్టెంబరు 28

అట్టలు పట్టుకుని ఊరెళ్లాను. చిన్నతాత ఒకటి తీసి కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"వీళ్లెవరు? నడుములు ఇలా ఉన్నాయేంటి? తిండి లేదా వీళ్లకి?"

చెల్లి పడీ పడీ నవ్వింది. నేను నేర్చుకున్నది వార్లీ. అది మహారాష్ట్రలో థానే, పాల్ఘర్ వైపు ఆదివాసులది. సూదిమొన నడుము వాళ్ల పద్ధతి. మా మనిషికి అంత సన్నటి నడుము ఉండదు, ఒళ్లు పొడుగు, కదలిక నెమ్మది. పైగా చాలా వార్లీ బొమ్మలకు గుండ్రంగా తిరిగే ఆట గుండెకాయ. మా దానికి అంచు గుండెకాయ. బయట నుంచి చూసేవాళ్లకు ఎర్రగోడ మీద తెల్లబొమ్మలన్నీ ఒకటే. మార్కెట్‌లో సవర బొమ్మ పేరుతో వార్లీ అమ్ముతుంటే చూసి తిట్టుకున్నవాణ్ణి, తీరా నేనూ అదే చేశాను.

ఆ రోజంతా చిన్నతాత నన్ను మనిషి బొమ్మ ఒక్కటి కూడా వేయనివ్వలేదు. అంచు, అంచు, అంచు. "ఇంటికి ముందు గోడలు లేపుతారా, మనుషుల్ని దింపుతారా?" అని ఆయన ప్రశ్న. అంచు మూసుకున్నాకే లోపలికి మనుషులు. బయట నుంచి లోపలికి రావాలి గానీ మధ్యలో మొదలుపెట్టకూడదు.

అడ్డగీతలు ఒకే ఎడంలో రావడానికి కిటుకు చెప్పాడు. పుల్ల ముంచిన ప్రతిసారీ అయిదు గీతలే. ఆరోది పల్చబడుతుంది, ఏడోది కనిపించదు. అయిదు గీసి ఊపిరి వదిలి మళ్లీ ముంచు. ఈ ముక్క ఏ వీడియోలోనూ లేదు.

అక్టోబరు 12

గోడ పరీక్షలు. ఇదే అసలు తలనొప్పి.

మట్టిగోడ వేరు, సిమెంటు గోడ వేరు. మట్టి మీద ఎర్రమట్టి పూస్తే రెండూ కలిసిపోతాయి. నున్నటి సిమెంటు ప్లాస్టరింగ్ మీద పూస్తే గచ్చు మీద పడిన బురదలా పైపైనే ఉంటుంది, ఆరితే రాలుతుంది. కొత్తింటి వెనక గోడకు మూరెడు వెడల్పున ఆరు పట్టీలు వేశాను. మొదటిది ఉత్త మట్టి, నీళ్లు. రెండోదాంట్లో ఆవుపేడ, మూడోదాంట్లో గంజి, నాలుగోదాంట్లో నానబెట్టిన తుమ్మజిగురు, అయిదోదాంట్లో వడ్రంగులు వాడే తెల్ల జిగురు కలిపాను. ఆరోదానికి గోడ మీద ఉలితో గాట్లు పెట్టి, పేడ, తరిగిన వరిగడ్డి కలిపిన మట్టి మందంగా మెత్తాను.

మేస్త్రీ వచ్చి చూసి, "బాబూ, పుట్టీ పెట్టి పెయింటు కొట్టించుకోక ఈ బురద ఏటి?" అన్నాడు. మట్టి ఇల్లు తీసి సిమెంటుది కట్టి, దానికి మళ్లీ మట్టి మెత్తుతున్నవాణ్ణి చూస్తే ఎవరైనా అంటారు.

అక్టోబరు 26

ఒకటోది వేలితో రాస్తే పొడి. రెండోది చేపపొలుసుల్లా లేచింది. మూడోదానికి బూజు పట్టింది, చీమలు బారులు తీరాయి. నాలుగోది పట్టు బాగానే ఉంది గానీ నెర్రెలిచ్చింది. అయిదోది ఊడలేదు, కానీ ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తోంది. దాని మీద పిండినీళ్లు తామరాకు మీది నీటిబొట్లే, గీత నిలవదు. ఆరోది మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఇంకో సమస్య. నాలుగు పట్టీల్లో మట్టి లోపల నుంచి తెల్లగా ఉప్పు పొంగింది. కొత్త సిమెంటులో తడి ఇంకా ఆరలేదు, అది బయటికొస్తూ ఉప్పును మోసుకొస్తుంది. ఈ ముక్క చెప్పింది ఇందాక నవ్విన మేస్త్రీయే. "రెండు నెలలు గోడ ఆరనీ, ఉప్పు పొంగినప్పుడల్లా పొడి బ్రష్‌తో దులుపు, కడక్కు. కడిగితే మళ్లీ లోపలికే పోద్ది." అతని మీద గౌరవం పెరిగింది.

నవంబరు 9

పిండి. దీనికి అత్త కావాల్సి వచ్చింది.

అత్త వాళ్లు చాలా ఏళ్ల కిందటే క్రైస్తవంలోకి వెళ్లారు. వాళ్లింట్లో ఎడిసింగ్ లేదు, వేయరు. మా కొండల్లో చాలా కుటుంబాలది ఇదే కథ, దీని మీద వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ తాత బొమ్మ వేసే రోజుల్లో పిండి రుబ్బి ఇచ్చింది పెళ్లికాక ముందు అత్తే. నేను మిక్సీలో పట్టిన పిండి చూపించాను. వేళ్ల మధ్య రాసి చూసి, "రవ్వ" అని పారబోసింది.

రాత్రంతా నానిన బియ్యం, రాతి మీద రుబ్బాలి, పాతచీర గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. వేలు ముంచి తీస్తే గోరు కనిపించీ కనిపించనట్టు ఉండాలి. చిక్కనైతే ఆరాక పగిలి ఊడుతుంది. నన్ను తికమక పెట్టింది ఇంకోటి: తడిగా ఉన్నప్పుడు గీత దాదాపు కనిపించదు. పల్చనైందని మళ్లీ దిద్దుతాం. పది నిమిషాలకు ఆరి తెల్లబడేసరికి రెండు గీతలూ పక్కపక్కన తేలి, వంకర బయటపడుతుంది. కాబట్టి గీసిన గీతను నమ్మి ముందుకు పోవాలి. ఇంకోటి, పిండి ఏ రోజుకారోజే. మర్నాటికి పులిసి వాసనొస్తుంది.

అత్త గోడ దగ్గరికి రాలేదు. గిన్నె నా చేతికిచ్చి, "నాన్న చెయ్యి వణికేది కాదు, ముసలాడయ్యాక కూడా" అని వెళ్లిపోయింది.

నవంబరు 23

ఆఫీసులో ఒకాయన నా ఫోన్‌లో ఫొటోలు చూశాడు. తెలిసినవాళ్ల రిసార్టుకి పది కాన్వాసులు కావాలట, "అదే, అంచుతో సహా, సేమ్ టు సేమ్." చెప్పిన డబ్బు నా రెండు నెలల జీతం. రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మితే తప్పా? అమ్మకపోతే ఈ విద్య దేనితో బతుకుతుంది?

పెద్ద ధర్మసందేహంలా చిన్నతాతను ఫోన్‌లో అడిగాను. ఆయన అర నిమిషంలో తేల్చేశాడు.

"అమ్ముకో. పిలవకు."

బొమ్మ పూర్తయ్యాక దాని ముందు బియ్యం, కల్లు పెట్టి, పేరు పెట్టి పెద్దల్ని పిలుస్తారు. అప్పుడే అది ఇల్లు. పిలవనంతవరకూ గోడ మీద గీతలే. నేను ఇంకో షరతు నాకు నేనే పెట్టుకున్నాను. ఆటలు, చెట్లు, జంతువులు వేస్తాను గానీ తాత అంచు వేయను. రిసార్టు ఆయన "అంచు లేకపోతే వెలితిగా ఉంది" అని నాలుగే తీసుకున్నాడు. ఆయన కన్ను మంచిదే. వెలితే.

డిసెంబరు 21

పాత ఇల్లు తీశారు. తాత గోడ చివర్లో పడింది. తీసే ముందు చిన్నతాత గోడ ముందు కూర్చుని వాళ్ల నాన్నకు ఏదో నచ్చజెప్పాడు, కుండలో జీలుగు కల్లు ధారగా పోశాడు. ఏం చెప్పావని అడగలేదు.

గోడ పడ్డాక మట్టిగడ్డలు చూస్తుంటే బుర్రలో లైటు వెలిగింది. ఆరో పట్టీకి నేను కష్టపడి కలిపిందేంటి? మట్టి, పేడ, గడ్డి. ఇక్కడ కుప్పగా పడున్నదేంటి? అదే. పైగా ఇన్నేళ్లు ఎండి, ఇక నెర్రెలివ్వాల్సినంతా ఇచ్చేసిన మట్టి. వాడొచ్చా అని భయపడుతూనే అడిగాను.

"ఆయన లేచి వెళ్లాడు. ఇప్పుడది మట్టే. తట్ట తేండి."

పన్నెండు తట్టలు. నలగ్గొట్టి, జల్లెడ పట్టి, రెండు రోజులు నానబెట్టి, నేనూ నాన్నా కాళ్లతో తొక్కాం. కొత్తింటి లోపలి గోడకు గాట్లు పెట్టి, నీళ్లు చల్లి, అంగుళం మందాన మెత్తాం. జల్లెడలో మిగిలిన పెళ్లల్లో ఒకదాని మీద తెల్ల గీతలు మూడు కనిపించాయి. అంచు ముక్క. నాన్న దాన్నీ బురదలోకే తోసి తొక్కేశాడు. నేను "అయ్యో" అనేలోపే.

జనవరి 11

మెత్తిన మట్టి మీద ఎర్రమట్టి పల్చగా రెండు చేతులు. నెర్రెలు లేవు. ఒక్కచోట, కిటికీ దగ్గర, ఉప్పు చార. దులిపాం.

అంచు మొదలుపెట్టాను. నా గీత నాకే తెలుస్తోంది, భయం భయంగా ఉంది. రెండో వరసకు చెల్లి పుల్ల లాక్కుంది. గురుకులంలో ఇంటర్ చదువుతోంది, సంక్రాంతి సెలవులకొచ్చింది. ముగ్గులు పెట్టిన చెయ్యి. అయిదు గీతలు, ఊపిరి, అయిదు గీతలు. చిన్నతాత వేలి కొసతో గీతల ఎడం తడిమి, "ఇది ఎవరిది?" అన్నాడు. "నాది తాతా" అంది. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు పిండి రుబ్బు" అన్నాడు.

అయిదు నెలల ప్రాక్టీసు ఒక్క మాటతో వంటింట్లోకి పోయింది. కొంచెం కష్టంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

జనవరి 18

అంచు మూసుకుంది. చెల్లి గురుకులానికి వెళ్లే ముందు రోజు. లోపల మనుషులు సగం తను, సగం నేను. సూర్యుడు, చంద్రుడు. జీలుగు చెట్టు ఒకటి కాదు, మూడు (తాతకు ఒకటి సరిపోదని అమ్మ మాట). జీడిచెట్టు, కింద అనాసలు. అవి మా వైపు పంటలు, ఆయన నాటినవి. కోడి, కుక్క. ఆయనతో అడవికి వెళ్లిన కుక్కే, చెవి తెగినది. చెల్లి చెవి తెంపే వేసింది.

కింది అంతస్తులో నేను డోలీ వేశాను. ఇద్దరు మనుషులు, భుజాల మీద కర్ర, మధ్యలో దుప్పటిలో ముడుచుకున్న ముసలాయన. తాతను చివరిసారి అలాగే దించాం. రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు, ముందు కర్ర నాది. రోడ్డు చేరేసరికి ఆయన లేడు. ఆ బొమ్మ అక్కడ ఉండాలనుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పాలనుకున్నాను.

చిన్నతాతకు పూర్తిగా కనిపించదు కదా, ఏం వేశావో ఒక్కొక్కటీ చెప్పమన్నాడు. చెప్పుకుంటూ వచ్చి డోలీ దగ్గర ఆగాను. ఆయనా కాసేపు మాట్లాడలేదు.

"ఇక్కడ మోశాం. అక్కడ కూడా మోయించుకోవాలా? తీసెయ్. బండి వెయ్యి."

"గుర్రం వెయ్యనా?"

"మా నాన్నకి గుర్రం. మీ తాతకి గుర్రమెందుకు? మీ నాన్న బండి వెనకాల కూర్చుని సంతకి వెళ్లేవాడు, ఎంత సరదా పడేవాడు. బండి వెయ్యి. నడిపేది ఆయనే."

తడిగుడ్డతో డోలీ తుడిచాను. దాని మీద ఎర్రమట్టి రాసి ఆరేదాకా ఆగి, బండి వేశాం. అద్దాలు, సైలెన్సర్, వెనక బుట్ట. హ్యాండిల్ పట్టుకుని తాత, వెనక సీటులో గొడుగుతో ఎవరో. ఎవరని అమ్మ అడిగింది. గోడ మీద అంతమందిలో ఎవరో ఒకరులే అన్నాను.

జనవరి 26

కందికొత్తల పండగ అయింది. డప్పులు తెల్లారేదాకా. పండగ చేస్తేగానీ కొత్త కందులు నోట పెట్టం. మొదటి గింజలు తాత ముందు పెట్టారు. చిన్నతాత పిలిచాడు. పిలిచేటప్పుడు ఫొటోలు తీయలేదు.

అత్త వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి బొమ్మ వైపు చూస్తూ, "పిండి ఎవరు రుబ్బారు?" అంది. నేనన్నాను. "బాగానే ఉంది" అని పండగ అన్నం తినకుండా, గిన్నెలో కందులు మాత్రం తీసుకుని వెళ్లింది.

ఫిబ్రవరి 8

గదికొచ్చేశాను. చెల్లి శనివారం ఇంటికెళ్లి ఫొటో పంపింది. బండి వెనక చక్రం సగం లేదు. చీమలు తినేశాయి. బియ్యప్పిండి కదా. దాని కింద మెసేజ్:

"తాత బండికి పంక్చర్. బియ్యం నానబోశాను."